కోర్దోబా నారింజలు

మా అబ్బాయి మాడ్రిడ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ సంక్రాంతి వెళ్ళిన వారానికి మమ్మల్నిద్దరినీ అక్కడికి రప్పించుకున్నాడు. ఊరు చూపించడం ఒక్కటే వాడి ఉద్దేశం కాదని విమానం దిగిన మూడోరోజున తెలిసింది. రాత్రి భోజనాలయ్యాక కోడలు మజ్జిగ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆగి, "నాన్నా, అనకాపల్లి ఇల్లు అమ్మేసి మీరిద్దరూ ఇక్కడికే వచ్చేయండి. అక్కడ మీకెవరున్నారు?" అన్నాడు.

నేను మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ గోడ మీది గడియారం చూసింది. "ఆలోచించుకుని చెప్తాం లేరా" అని లేచి వెళ్ళిపోయింది. పెళ్ళయి నలభై రెండేళ్ళయింది కనక ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఆవిడ ఆలోచించుకోవడానికి చాలా రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఎవరూ తొందరపెట్టకూడదు. అంచేత మర్నాడు పొద్దున్నే, "మేమిద్దరం ఒక్కరోజు కోర్దోబా వెళ్ళి వస్తాంరా" అని నేనే మాట మార్చాను.

మాట మార్చడానికి చెప్పినా, అది నా చిరకాలపు కోరిక. ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సోషలు పాఠాలు చెప్పినవాణ్ణి. మధ్యయుగాల యూరప్ పాఠంలో ఈ ఊరి పేరు ఒకే ఒక్క పేరాలో వచ్చేది. పదో శతాబ్దంలో లండనూ పారిస్సూ ఇంకా చిన్న పట్టణాలుగా ఉన్న కాలంలో, ఇక్కడ రాళ్ళు పరిచిన వీధులూ, స్నానశాలలూ, ఖలీఫాగారి పుస్తక భాండాగారంలో నాలుగు లక్షల గ్రంథాలూ ఉండేవని పిల్లలకు చెప్పేవాణ్ణి. నాలుగు లక్షలన్నది పాత చరిత్రకారుల లెక్క. అందులో సగం తీసేసినా తక్కువేం కాదు. "మాస్టారూ, మీరు చూశారా?" అని ఏటా ఎవడో ఒకడు అడిగేవాడు. లేదురా అనేవాణ్ణి.

మా ఆవిడ ఒక్క షరతు పెట్టింది. బయట మెతుకు ముట్టనంది. దానికి కారణం ఉంది. వచ్చిన రెండోరోజున మాడ్రిడ్‌లో ఒక హోటల్లో, అబ్బాయి వెంట లేనప్పుడు, మాంసం లేని కూర కావాలని నేను నా పుస్తకజ్ఞానంతో అడిగాను. 'సిన్ కార్నే' అన్నాను. ఆయన తల ఊపి తెచ్చిన పచ్చిబఠాణీ కూర నిండా గులాబిరంగు ముక్కలున్నాయి. మాంసం కాదండీ, పంది తొడ మాత్రమేనన్నాడు! ఈ దేశంలో చాలామందికి 'కార్నే' అంటే పెద్ద ముక్క. 'హమోన్' అనే ఉప్పుపట్టించిన పంది తొడ మనకు ఇంగువ లాంటిదన్నమాట. ఆ పూట ఆవిడ మంచినీళ్ళతో లేచింది. అందుకని కోర్దోబా ప్రయాణానికి తెల్లవారుజామునే లేచి నిమ్మకాయ పులిహోర కలిపి, వాళ్ళ అమ్మ పెళ్ళిలో ఇచ్చిన స్టీలు డబ్బాలో పెట్టింది. మూత మీద అత్తగారి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. చేతిసంచిలో చిన్న సీసాతో కరివేపాకు కారప్పొడి కూడా పడింది.

మాడ్రిడ్ అతోచా స్టేషనులో రైలెక్కాం. సెవిల్ దాకా పోయే ఈ వేగపు రైలు 1992లో మొదలయింది. కోర్దోబాకు గంటా ముప్పావు. కిటికీలోంచి మొదట మంచుపట్టిన బయళ్ళు, తరువాత కొండలు, ఆ తరువాత ఆలివ్ తోటలు. కనుచూపు మేర దువ్వెనతో దువ్వినట్టు వరసలే. "మనకు జీడిమామిడి తోటల్లాగానా?" అంది మా ఆవిడ. అంతకు పదిరెట్లు అన్నాను. డబ్బాను సీటు పైన సామాన్ల అరలో జాగ్రత్తగా పెట్టింది నేనే. ఈ వాక్యం గుర్తుంచుకోండి.

స్టేషను దగ్గర బస్సెక్కి పాతఊరు చేరాం. అందరూ మెస్కీతా అని పిలిచే ఆ మహాకట్టడం బయటికి కోటగోడలా ఉంటుంది. ద్వారం దాటి లోపలికి అడుగుపెడితే పెద్ద ముంగిలి. దాని నిండా వరసలు తీర్చిన చెట్లు, చెట్ల నిండా పళ్ళు. జనవరి నెల కనక పండి బరువెక్కి ఉన్నాయి. చెట్టు నుంచి చెట్టుకు రాతిలో తొలిచిన సన్నని నీటికాలువలు. మసీదుగా ఉన్న రోజుల్లో ప్రార్థనకు ముందు ఇక్కడే కాళ్ళూ చేతులూ కడుక్కునేవారు.

మా ఆవిడ ఒక చెట్టు కిందకు వెళ్ళి రాలిన పండొకటి తీసి, గోటితో తొక్క గిల్లి వాసన చూసింది. "ఏమండీ, ఇది కమలాపండు కాదు. మన నారింజ" అంది.

"ఇక్కడివాళ్ళూ దాన్ని నరాన్హా అనే అంటారు" అన్నాను.

నేను తమాషాకు అంటున్నాననుకుంది. కాదు. సంస్కృతంలో నారంగమైనది పారశీకంలో నారంగ్ అయింది, అరబ్బీలో నారంజ్ అయింది, అరబ్బులతో కలిసి స్పెయినుకు వచ్చి నరాన్హా అయింది. ఆ సంస్కృతపు మాటకు కూడా మూలం ద్రావిడ భాషల్లోనే ఉండవచ్చునని భాషాశాస్త్రజ్ఞులు కొందరంటారు. ఆవిడ తొన ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. పులుపూ చేదూ. ఇక్కడివాళ్ళు ఈ పళ్ళను ఊరికే తినరు. ఈ జాతి పళ్ళు ఎక్కువభాగం మార్మలేడు చేసుకోవడానికి ఇంగ్లండు వెళ్తాయి. "పులిహోరలోకి దివ్యంగా ఉంటుంది" అని ఆవిడ తీర్పు చెప్పింది.

ముంగిట్లో నిలబడి తలెత్తితే 54 మీటర్ల గంటల గోపురం కనిపిస్తుంది. ఆ గోపురం లోపల పాత మీనారు ఇంకా ఉంది. పదో శతాబ్దంలో మూడో అబ్దుర్రహ్మాన్ కట్టించిన ఆ మీనారు 1589 తుఫానులో దెబ్బతింటే, పూర్తిగా కూల్చకుండా దాని చుట్టూ కొత్తగోడ కట్టి గంటలు వేలాడదీశారు. ఒరలో కత్తి ఉన్నట్టు చర్చి గోపురంలో మీనారు ఉందన్నమాట. ఈ ఊరి సంగతి చాలావరకు అంతే.

లోపలికి వెళ్ళాం.

ఎండలోంచి వచ్చాం కనక మొదట ఏమీ కనపడలేదు. కళ్ళు అలవాటుపడేసరికి స్తంభాలు. ఎటు చూసినా స్తంభాలు. ఎత్తు తక్కువ, మనిషికి చేతికందేటట్టు ఉంటాయి. వాటి మీద ఎరుపూ తెలుపూ పట్టీల కమానులు, ఆ కమానుల మీద గాలిలో మళ్ళీ కమానులు. ఒక అడుగు పక్కకు వేస్తే మొత్తం వరసలన్నీ కదిలి కొత్త వీధులు తెరుచుకుంటాయి. మా ఊరి దగ్గర తాటితోపులో సాయంత్రం నడిచినప్పుడు ఇలాగే ఉంటుంది. ఇప్పటికి మిగిలినవి 856 స్తంభాలట. నేను పిల్లలకు వెయ్యి స్తంభాలని చెప్పేవాణ్ణి. వాళ్ళకు ఇప్పుడు ఏం సమాధానం చెప్పుకోను?

ఆ జంట కమానుల వెనక అవసరం ఉంది. 785 ప్రాంతంలో మొదటి అబ్దుర్రహ్మాన్ ఈ మసీదు మొదలుపెట్టినప్పుడు, పాత రోమను కట్టడాల నుంచీ, వారి తరువాత ఏలిన విసిగోతుల కట్టడాల నుంచీ తీసిన స్తంభాలు చవకగా దొరికాయి. కానీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి నల్లరాయి, ఒకటి గులాబి చలవరాయి. పొడుగువాటిని నేలలో దించారు, పొట్టివాటి కింద పీట వేశారు. అయినా కప్పు నెత్తికి తగిలేటట్టుంది. అప్పుడు ఆ మేస్త్రీ ఎవరో గాని, స్తంభం తల మీద ఇంకొక స్తంభం ఎక్కించి, కింద గుర్రపునాడా ఆకారపు కమానుతో బిగించి, పైన మరో కమాను మీద కప్పు మోయించాడు. ఎర్రని పట్టీలు ఇటుక, తెల్లనివి రాయి. పేదరికం కప్పిపుచ్చడానికి చేసిన ఉపాయం పన్నెండు వందల ఏళ్ళుగా జనాన్ని నోళ్ళు తెరిపిస్తోంది.

తరువాతి వాళ్ళు పెంచుతూ పోయారు. తొమ్మిదో శతాబ్దంలో ఒకసారి, 962 తరువాత రెండో అల్ హకమ్ ఒకసారి. 987లో అల్ మన్సూర్ అనే మంత్రి ఏకంగా ఎనిమిది వరసలు కలిపాడు. అల్ మన్సూర్ భాగంలో కమానులను కాస్త దగ్గరగా చూడండి. అక్కడ ఇటుక లేదు. అంతా రాయే, ఎర్రపట్టీలు రంగు పూసినవి! తొందర పని ఏ శతాబ్దంలోనైనా దొరికిపోతుంది. అల్ హకమ్ కట్టించిన మిహ్రాబు మాత్రం అద్భుతం. బంగారు రంగు గాజుబిళ్ళలతో పొదిగిన ఆ కమాను కోసం బైజాంటియం చక్రవర్తి బిళ్ళలతో పాటు పనివాణ్ణి కూడా పంపాడు. కటకటాల ఇవతల నిలబడి చూడాలి. మా ఆవిడ చాలాసేపు చూసి, "పట్టుచీర అంచు" అంది. అంతకన్న మంచి వర్ణన నాకు తోచలేదు.

ఒక స్తంభం పీట మీద కూర్చోబోతే కాపలాదారు వద్దన్నాడు. నిలబడే ఆ మొదటి అబ్దుర్రహ్మాన్ కథ ఆవిడకు చెప్పాను. డమాస్కస్ ఏలిన ఉమయ్యద్ వంశం కుర్రవాడు. 750లో అబ్బాసీలు ఆ కుటుంబాన్ని ఏరి ఏరి చంపారు. ఇతను యూఫ్రటిస్ నదిలో దూకి ఈది బయటపడ్డాడు. వెనక వస్తున్న తమ్ముడు సగంలో భయపడి, ఒడ్డునున్నవాళ్ళ మాట నమ్మి వెనక్కు తిరిగాడు. అన్న చూస్తుండగానే వాణ్ణి చంపేశారు. ఇతను ఆఫ్రికా ఉత్తరతీరం వెంట అయిదేళ్ళు దాక్కుంటూ తిరిగి, 755లో స్పెయినులో దిగి, 756లో కోర్దోబా పట్టుకున్నాడు. ఊరి బయట తాతగారి తోట పేరే పెట్టి ఒక తోట వేయించి, అందులో ఒక ఖర్జూరపు చెట్టు నాటించి, దాన్ని చూసి నువ్వూ నాలాగే సొంతగడ్డకు దూరమైపోయావని పద్యాలు చెప్పాడంటారు.

"మళ్ళీ వాళ్ళ ఊరు వెళ్ళాడా?" అని అడిగింది.

"లేదు. 788లో చనిపోయేదాకా ఇక్కడే."

ఆవిడ ఇంకేమీ అనలేదు. 

స్తంభాల అడవి మధ్యకు వచ్చేసరికి ఉన్నట్టుండి చీకటి విడిపోయి, ఆకాశమంత ఎత్తున తెల్లని చర్చి లేచింది. 1236లో క్రైస్తవరాజు మూడో ఫెర్డినాండ్ ఊరు పట్టుకున్న నాడే మసీదును చర్చిగా మార్చారు. మూడువందల ఏళ్ళ వరకు పెద్దగా చెడగొట్టలేదు. 1523లో బిషప్పు మధ్యలో స్తంభాలు తీయించి ఈ పెద్దచర్చి మొదలుపెట్టాడు. వింత ఏమిటంటే, వద్దన్నది ముస్లిములు కాదు, ఊరి పాలకమండలి! ఈ పనిలో చెయ్యి పెట్టిన కూలివాడికి మరణశిక్ష అని కూడా ప్రకటించింది. తగువు అయిదో చార్లెస్ చక్రవర్తి దాకా వెళితే, ఆయన చూడకుండానే బిషప్పు పక్షాన తీర్పిచ్చాడు. తరువాత కళ్ళారా చూసి, ఎక్కడైనా కట్టగలిగే దాని కోసం ఎక్కడా లేనిదాన్ని పాడుచేశారే అని నొచ్చుకున్నాడని చెప్పుకుంటారు. అలా నొచ్చుకున్నాయనే గ్రనాడాలో అల్‌హంబ్రా మధ్య తన కోసం ఒక రాజభవనం మొదలుపెట్టించాడు.

నేను ఆ చర్చిని తిట్టుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను. మా ఆవిడ మాత్రం చక్కబెంచీ దొరికిందని కూర్చుని, మోకాళ్ళు రాసుకుంటూ, గుమ్మటంలోంచి దిగుతున్న వెలుతురు చూస్తోంది. అమెరికా నుంచి తెచ్చిన మహాగనీ కర్రతో పద్దెనిమిదో శతాబ్దంలో చెక్కిన గాయకుల పీటలు చూస్తోంది. నా ఫిర్యాదంతా విని, "పూర్తిగా పడగొట్టకుండా మధ్యలో ఇల్లు కట్టుకున్నారు. కాపురం ఉన్నారు కనక మిగతాది కూలిపోకుండా చూసుకున్నారు" అంది. చరిత్ర మాస్టారికి కోపం వచ్చింది గాని, ఆలోచిస్తే నిజమే. సెవిల్‌లో పెద్దమసీదును పడగొట్టే కథీడ్రల్ కట్టారు. మీనారూ ముంగిలీ తప్ప మిగల్లేదు. నా చిరాకు సగం తగ్గింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

బయటకు వచ్చేసరికి పన్నెండున్నర. "ఈ చెట్టు నీడన కూర్చుందాం. డబ్బా తియ్యండి" అంది.

పాఠకులకు ఇప్పటికే అర్థమయి ఉంటుంది. డబ్బా సీటు పైన అరలో ఉంది. ఆ సీటు ఈపాటికి సెవిల్‌లో ఉంది. మేము ఎన్నడూ చూడని సెవిల్ నగరాన్ని మా పులిహోర చూసింది.

ఆవిడ కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండేది. "అమ్మది" అని మాత్రం అంది. అబ్బాయికి ఫోను చేశాను. స్టేషనువాళ్ళకు చెప్తాననీ, ముందు అమ్మకు ఏమైనా పెట్టించమనీ అన్నాడు. పెట్టించడం ఎలా? ఈ దేశంలో మధ్యాహ్నభోజనం రెండు గంటలకు గాని మొదలుకాదు. వంటిళ్ళు తెరిచేదాకా సందుల్లో తిరిగాం. తెల్లసున్నం గోడలు, గోడలకు నీలంకుండీలు, చేతులు చాస్తే రెండువైపులా తగిలే సందులు. అవి ఎంత అందంగా ఉన్నాయో వర్ణించే స్థితిలో నేను లేను.

ఒంటిగంటన్నరకు ఒక చిన్న భోజనశాల తలుపు తీశారు. అరవై దాటిన వడ్డనాయన వచ్చాడు. పలకమీద రాసిన వాటిలో ఎద్దుతోక పులుసు, పందిముక్కలో హమోను చుట్టి వేయించిన పొడుగాటి చుట్ట వగైరాలున్నాయి. మాంసాహారులు కోర్దోబాలో వాటి కోసమే వస్తారట. నేను అబ్బాయి రాసిచ్చిన కాగితం తీసి, గుళ్ళో సంకల్పం చెప్పినట్టు చదివాను. సిన్ హమోన్, సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ వేబో. హమోను లేకుండా, మాంసం లేకుండా, చేప లేకుండా, గుడ్డు లేకుండా. ఆయన మా ఆవిడ బొట్టూ చీరా చూశాడు. కాగితం తీసుకుని లోపలికి వెళ్ళి, వంటావిడను వెంటపెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఏదో తర్కించుకుని, సరేనన్నారు.

మొదట సాల్మొరేహో వచ్చింది. ఈ ఊరి వంట. పండిన టమాటాలు, నిలవరొట్టె, వెల్లుల్లి, ఉప్పు, ధారాళంగా ఆలివ్ నూనె వేసి మెత్తగా రుబ్బి చల్లగా ఇస్తారు. పైన చల్లే హమోను తునకలూ గుడ్డుముక్కలూ మాకు మానేశారు. జనవరిలో చల్లని పులుసేమిటని సందేహిస్తూనే మా ఆవిడ చెంచా ముంచింది. రెండోసారీ ముంచింది. "రొట్టె వేసి రుబ్బిన పచ్చి టమాటా పచ్చడి. పోపొక్కటే తక్కువ" అని సంచిలోంచి కారప్పొడి సీసా తీసింది. వడ్డనాయన వంగి చూశాడు. ఆవిడ ఒక రొట్టెముక్క అంచున చిటికెడు వేసి ఇచ్చింది. ఆయన తిన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తరువాత కళ్ళు తుడుచుకుని వంటావిడను మళ్ళీ పిలిచాడు!

న్యాయంగా ఆ మిరపకాయ మనకంటే ముందు వాళ్ళకే తెలుసు. కొలంబస్ అమెరికా నుంచి మొదట తెచ్చింది స్పెయినుకే. పోర్చుగీసువాళ్ళు మనకు తెచ్చారు. స్పెయినువాళ్ళు దాన్ని చాలావరకు మచ్చిక చేసి, కారం చచ్చిన ఎర్రపొడిగా వాడుకుంటున్నారు. మనం అలా చెయ్యలేదు.

తరువాత వచ్చింది అసలు సంగతి. వంకాయలు పొడుగు ముక్కలుగా తరిగి, పిండి అద్ది కరకరలాడేలా వేయించి, పైన నల్లని పాకం ధారగా పోసి తెచ్చాడు. 'బెరెన్‌హేనాస్ కోన్ మియెల్' అన్నాడు. మియెల్ అంటే తేనె అని నేను అర్థం చెప్పాను.

మా ఆవిడ నాలిక చివర తాకించి, "తేనె కాదు" అంది.

"నిఘంటువులో ఉందే!"

"మీ నిఘంటువు ఎప్పుడైనా బెల్లం వండిందా? ఇది చెరకు పానకం. దిమ్మ కట్టకముందు పెనంలోంచి దించింది."

వాళ్ళ నాన్నగారు అనకాపల్లి బెల్లం మార్కెట్టులో గుమాస్తా. చిన్నప్పుడు గానుగల దగ్గర వేడి పానకంలో చెరకుముక్క ముంచుకు తిని పెరిగిన మనిషి. నేను మాత్రం అచ్చులో ఉన్నదాన్ని వదలను. చివరికి వడ్డనాయన్ను అడిగాం. ఆయన నవ్వి సీసానే తెచ్చి బల్ల మీద పెట్టాడు. 'మియెల్ దె కాన్యా' అని రాసి ఉంది. కాన్యా అంటే చెరకు. మలగా దగ్గర ఫ్రిహిల్యానా అనే కొండ ఊళ్ళో ఇప్పటికీ ఇది కాస్తారు. ఆవిడ సీసా ఎత్తి వెలుతురులో తిప్పి చూసి, "పాకం కాస్త ముదిరింది" అంది.

ఇద్దరం రెండు పళ్ళేలు తిన్నాం. తింటూ నేను పాఠం మొదలుపెట్టాను. ఆవిడ ఆపలేదు కనక ఆకలి తీరిందని తెలిసింది. చెరకు మన దేశం నుంచి పారశీకానికీ, అక్కడి నుంచి అరబ్బులతో ఈ తీరానికీ వచ్చింది. మన శర్కరే ఇక్కడ అసూకార్. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో కెనరీ దీవుల నుంచి ఈ చెరకే అమెరికాకు తీసుకెళ్ళాడు. వంకాయా మన గడ్డదే. బెరెన్‌హేనా అన్నది అరబ్బీ బాదింజాన్, దాని మూలం మళ్ళీ మన దేశపు మాటేనంటారు. భోజనంలో ఒక వంటకం తరువాత ఒకటి వడ్డించే పద్ధతిని కూడా 822లో బాగ్దాద్ వైపు నుంచి వచ్చిన జిర్యాబ్ అనే గాయకుడు ఈ ఊళ్ళో ప్రవేశపెట్టాడని చెప్పుకుంటారు.

"ఇన్ని తెచ్చుకున్నవాళ్ళు చింతపండు మరిచిపోయారేం?"

"పేరు పెట్టింది వాళ్ళే. తమర్ హింద్, హిందూదేశపు ఖర్జూరం అని."

"పేరు పెడితే సరా" అంది.

మధ్యాహ్నం పాత యూదుల పేట చూశాం. అక్కడ 1315లో కట్టిన చిన్న ప్రార్థనామందిరం ఉంది. మా ఇంటి హాలుకు రెండింతలుంటుందేమో. గోడల మీద సున్నపుపనిలో హీబ్రూ అక్షరాలు, అరబ్బు లతలు. 1492లో యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టాక దీన్ని పిచ్చికుక్క కరిచినవాళ్ళ ఆసుపత్రి చేశారు. తరువాత చెప్పులు కుట్టేవారి సంఘానికి ఇచ్చారు. పైన సున్నం మీద సున్నం వేశారు. 1884లో సున్నం పెచ్చు ఊడితే అడుగున అక్షరాలు బయటపడ్డాయి. స్పెయిను మొత్తం మీద ఆ కాలపు యూద మందిరాలు మూడే సరిగ్గా మిగిలాయి. తక్కిన రెండూ తొలేదోలో ఉన్నాయి. దగ్గరలోనే మైమొనిదిస్ విగ్రహం కూర్చుని ఉంది. ఈ ఊళ్ళో పుట్టి, చిన్నతనంలోనే ఊరు విడిచి, ఈజిప్టులో పెద్ద వైద్యుడూ తత్త్వవేత్తా అయినవాడు. వచ్చేపోయేవాళ్ళు తాకి తాకి కంచుపాదం మెరుస్తోంది. మా ఆవిడ కూడా తాకి కళ్ళకద్దుకుంది. ఎవరని అడగలేదు. వైద్యుడని చెబితే, "అయితే మోకాళ్ళకు మంచిది" అంది.

సాయంత్రం నది దగ్గరకు వెళ్ళాం. పదహారు కమానుల వంతెన. పునాది రోమనులది, పైది తరువాత తరువాత కట్టింది. నీళ్ళలో పాత మరల శిథిలాలు, వాటి మీద కొంగలు. ఒడ్డున పెద్ద నీటిచక్రం ఉంది. పూర్వం అలాంటిదే కోటకు నీరు తోడేది. దాని చప్పుడుకు నిద్రపట్టక ఇసబెల్లా రాణి విప్పించేసిందని చెబుతారు. నది పేరు గ్వాదల్కివిర్. అరబ్బీలో 'వాదీ అల్ కబీర్', అంటే పెద్ద ఏరు.

"పెద్దేరా?" అని నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. "మా మాడుగుల దగ్గరా ఉంది పెద్దేరు."

పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాం. మసీదు గోడలు తేనెరంగుకు, కాదు, పానకంరంగుకు తిరిగాయి. గోపురంలో గంటలు మోగాయి. కొంతసేపటికి ఆవిడే అంది: "ఇల్లు అమ్మొద్దండీ."

నేను ఊఁ అన్నాను.

"ఆ రాజుకు వెళ్ళడానికి ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. నాకు పక్కింటి వాళ్ళున్నారు, అమ్మవారి గుడి ఉంది, పెరట్లో కరివేపాకు ఉంది. ఏటా సంక్రాంతి వెళ్ళాక ఇక్కడికి వద్దాం. నారింజలు కాసే రోజుల్లో. వాడితో నేనే చెప్తాను, మీరు నానబెట్టి చెప్తారు."

స్టేషనుకు వెళ్ళేదారిలో, వీధిచెట్టు కింద రాలిన పళ్ళు మూడు ఏరి కొంగున మూటగట్టింది. రైల్లో నేను రెండుసార్లు పైఅర చూశాను. అలవాటు.

మర్నాడు నారింజ పులిహోర చేసింది. అబ్బాయి మారు వడ్డించుకున్నాక చెప్పింది. వాడు కాసేపు పళ్ళెంలో గీతలు గీశాడు. కోడలు, "మరి నేను ఏటా సెలవు ముందే పెట్టుకుంటాను అత్తయ్యా" అంది. వాడింకా ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఫోనులో వారానికోసారి ఎత్తుతూనే ఉన్నాడు.

నాలుగోరోజున స్టేషను నుంచి కబురు వస్తే అబ్బాయి వెళ్ళి డబ్బా తెచ్చాడు. లోపల మెతుకు లేదు. ఎవరో శుభ్రంగా కడిగి, తుడిచి, మూత బిగించి ఇచ్చారు. పాడయిందని పారబోసి ఉంటారని నేనంటాను. పారబోసేవాళ్ళు అంత శ్రద్ధగా కడగరు, ఎవరో తిన్నారని మా ఆవిడ అంటుంది. ఉప్పు సరిపోయిందో లేదోనని ఆవిడకు ఇప్పటికీ బెంగ.